వాన నీళ్లే పోయాలట

ఫిబ్రవరి 9

పూలు మొదలయ్యాయి. పొగమంచు ఇంకా విడవలేదు. పొడుగాయన అప్పటికే చెట్టెక్కి కూర్చుని పైనుంచి "మేడం, ఎరుపు కనిపిస్తోంది" అన్నాడు, ఏదో బస్సు వస్తోందని చెప్పినట్టు. ఆయన సంబరపడటం నేనింతవరకు చూడలేదు. అడవి గార్డుగా చేరిన రోజే సంబరాన్ని గేటు దగ్గర అప్పజెప్పి లోపలికొచ్చినట్టున్నాడు.

తాడు కట్టుకుని నేనూ ఎక్కాను. ఈ మొక్క నేల మీద పుట్టదు. పెద్ద చెట్ల కొమ్మల మీద, నాచు మధ్య, కొబ్బరికాయంత దుంప పెట్టుకుని కూర్చుంటుంది. వానాకాలంలో ఆ దుంపలో నీళ్లు దాచుకుని ఎండాకాలమంతా వాటితోనే నెట్టుకొస్తుంది. దుంపలోంచి వంగిన కొమ్మలు, దళసరి ఆకులు, కొమ్మ కిందుగా వరసన వేలాడే ఎర్రటి గొట్టాల్లాంటి పూలు. ముట్టుకుంటే మైనంతో చేసినట్టుంటాయి. బ్లూబెర్రీకి, రోడోడెండ్రానుకు చుట్టం, ఎరికేసీ కుటుంబం. శాస్త్రంలో దీనికింకా పేరు లేదు. మేం లాంతరు అంటాం.

ఒక తేనెపిట్ట వచ్చింది. ఈ పూలలో పుప్పొడి ఉండే కేసరాలు పక్కకు పగలవు. కొసన చిన్న చిల్లులుంటాయి, ఉప్పుడబ్బాకున్నట్టు. పిట్ట ముక్కు పెట్టి కదిపిందో లేదో, పుప్పొడి దాని నుదుటి మీద రాలింది. పిండిమర గదిలోంచి బయటికొచ్చిన మనిషిలా ఇంకో మొక్క మీదికి పోయింది.

కొన్ని మొగ్గలకు సన్నటి గుడ్డసంచులు కట్టాను. పిట్ట రాకుండా తన పుప్పొడితో తనే కాయ కాస్తుందా అన్నది తేలాలి.

ఈ చోటు తెలిసినవాళ్లం ముగ్గురమే. మా బొటానికల్ గార్డెన్ డైరెక్టరు గారు, పొడుగాయన, నేను. బయటికి పొక్కితే అరుదైన మొక్కల పిచ్చివాళ్లు ఒక్క దుంప మిగల్చరు. నిరుడు బావ పోయాక అక్క గది దాటి రాకుండా కూర్చుంటే, మనసు మళ్లుతుందని ఒకసారి తీసుకెళ్లి చూపించాను. అది వేరు. అమ్మ పోయాక నన్ను కడుపులో పెట్టుకుని పెంచింది అక్క. అక్కకు తెలియడమంటే నాకు తెలియడమే. లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి 26

సంచులు కట్టిన పూలన్నీ రాలిపోయాయి. పిట్టలు తిరిగిన పూలకు మాత్రం పిందెలు ఉబ్బుతున్నాయి. తన పుప్పొడి తనకు పనికిరాదన్నమాట. పక్క మొక్కది కావాలి.

పొడుగాయన కూతురి కాన్పని సెలవు పెట్టాడు. ఆయన వచ్చాకే మళ్లీ కొండకు.

మార్చి 7

రాయబుద్ధి కావడం లేదు. రాయకపోతే నిద్ర రాదు.

లేవు. కొమ్మల్నే రంపంతో కోసి దించారు. దుంపలు పెకలించిన చోట నాచు చర్మంలా వేలాడుతోంది. కింద తొక్కిన పూలు, పిందెలు. నా గుడ్డసంచి ఒకటి బురదలో ఉంది. ఎవరో దానితో చేతులు తుడుచుకున్నారు.

కాళ్లూ చేతులూ ఆడలేదు. తాడు లేకుండా ఎక్కబోయాను. పొడుగాయన నడుం పట్టుకుని లాగాడు. "పడితే ఏం ఒరుగుతుంది మేడం" అన్నాడు.

లోయ అవతలి చెట్టు మీద ఒక్కటి మిగిలింది. అంత ఎత్తుకు ఎక్కలేకపోయినట్టున్నారు. పూలతో ఉంది. ఒక్కటే ఉంటే ఎన్ని పూలు పూసినా ఏం లాభం. మొన్ననేగా రాసుకున్నాను.

మార్చి 8

సరిగ్గా ఆయన సెలవులో ఉన్నప్పుడే ఎట్లా జరిగింది?

మార్చి 10

అక్క వచ్చింది. తలుపు తీయగానే నా మొహం చూసి ఏమీ అడగకుండా వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది. ఎదురుగా కూర్చుని తినేదాకా కదల్లేదు. నా జుట్టు విప్పి దువ్వుతూ నెమ్మదిగా మాట్లాడించింది.

"ఆ చోటు ఎవరెవరికి తెలుసే చిట్టీ?"

"నాకు, డైరెక్టరు గారికి, గార్డుకు."

"డైరెక్టరు గారు మెట్లెక్కితేనే ఆయాసపడతాడు. ఇంకెవరు మిగిలారు?"

"ఆయన అట్లాంటివాడు కాదక్కా."

"అట్లాంటివాడు కాదని మొహాన రాసుంటుందా? సెలవు పెట్టాడు, మొక్కలు పోయాయి. నువ్వు మెత్తగా ఉంటే రేపు నీ మీదికే తోస్తారు. అనుమానం ఉందని ఒక ముక్క రాసిచ్చెయ్యి. చూసుకునేవాళ్లు చూసుకుంటారు."

దువ్వెన లాగుతుంటే ఏడుపొచ్చింది. చిన్నప్పుడు బడికి వెళ్లేముందు కూడా ఇట్లాగే దువ్వేది, చిక్కు తగిలితే ముందు తనే "అబ్బా" అనేది.

అక్క లేకపోతే నేనేమైపోదును.

మార్చి 12

రాసిచ్చాను. "అనుమానం" అనే రాశాను, "దొంగ" అనలేదు.

మార్చి 16

పొడుగాయన్ని కొండ మీంచి తీసేశారు. దిగువన కలప డిపో గేటు దగ్గర వేశారట. వెళ్లేముందు మా ఆఫీసుకొచ్చి తాళ్లు, కొక్కేలు నా బల్ల మీద పెట్టాడు. తాళ్లన్నీ చుట్టలు చుట్టి పెట్టాడు. ఏదైనా అంటాడని చూశాను. "మనవరాలు పుట్టింది" అని చెప్పి వెళ్లిపోయాడు.

అందులో చెడుగా అనుకోవాల్సిందేమీ లేదు. ఆడపిల్ల పుట్టిందని చెప్పాడు, అంతే.

మార్చి 22

అక్క ఫోను చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక "మీ లాంతరుకు మామూలు కుళాయి నీళ్లు పోస్తే ఏమవుతుందే?" అని అడిగింది. చచ్చిపోతుందన్నాను. ఈ ఊరి నీళ్లలో సున్నం ఎక్కువ, ఈ కుటుంబపు మొక్కలకు సున్నం పడదు, ముందు ఆకు పసుపురంగుకు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. వాన నీళ్లే పోయాలి. మట్టి వద్దు, బెరడు ముక్కలూ నాచూ చాలు. వేళ్లలో ఒక బూజులాంటిది కాపురముంటుంది, ఎరువు వేస్తే అది చస్తుంది. అన్నీ చెప్పాను. ఓపిగ్గా వింది. రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది.

ఇన్నేళ్లకు నా పని మీద శ్రద్ధ పుట్టింది. బావ ఉన్న రోజుల్లో ఇద్దరూ కలిసి "ఆకుల డాక్టరు" అని ఏడిపించేవాళ్లు. ఫోను పెట్టేశాక మనసు తేలికపడింది.

మార్చి 30

అక్క నర్సరీకి వెళ్లాను. గులాబీల వరసలు ఎప్పట్లాగే ఉన్నాయి. వెనక షెడ్డుకు కొత్త తాళం. పురుగుల మందు కొట్టాం, గాలి పీల్చకు అంది. వెంటనే టీ పెడతానని నా భుజం పట్టుకుని ముందుగదికి నడిపించింది.

మందు వాసనేమీ రాలేదు. నాకు జలుబుగా ఉంది మరి.

ఏప్రిల్ 5

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి దవడ పన్ను పీకించుకున్నాను. మత్తు దిగేదాకా కూర్చోమన్నారు. ముందు హాల్లో కూర్చున్నాను, సగం మొహం నాది కానట్టుంది.

కిటికీ పక్కన తీగబుట్టలో లాంతరు వేలాడుతోంది.

అదే దుంప, అవే ఆకులు. కొత్త చిగుళ్లు ఎర్రగా, నీరసంగా కిందికి వాలి ఉన్నాయి. ఈ మొక్క చిగురు అట్లాగే వేస్తుంది, తెలియనివాళ్లు వాడిపోయిందనుకుంటారు. రంపం కాటు పడ్డ కొమ్మముక్కతో సహా తెచ్చి బుట్టలో పెట్టారు.

కౌంటరు అమ్మాయిని అడిగాను. నోరు తిరగక "ఎక్కలిదీ" అన్నాను. పాపం అర్థం చేసుకుంది.

"బాగుంది కదండీ, అందరూ అడుగుతారు. ఒక నర్సరీ ఆవిడ తెచ్చిస్తారు. వారం వారం తనే వచ్చి చూసుకుంటారు, మమ్మల్ని ముట్టుకోనివ్వరు. కుళాయి నీళ్లు పోయకూడదట, వాన నీళ్లే పోయాలట. వాళ్ల చెల్లెలు పెద్ద సైంటిస్టట, ఆవిడే చెప్పారట."

బుట్ట వంకే చూస్తూ నిలబడ్డాను. ఆ అమ్మాయి మత్తు వల్ల అనుకుంది. మంచినీళ్లు ఇచ్చింది. తాగబోతే గడ్డం మీదుగా కారిపోయాయి.

ఏప్రిల్ 5, మళ్లీ

సైంటిస్టు చెల్లెళ్లున్న నర్సరీవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉండొచ్చు.

ఏప్రిల్ 6

ఉండరు.

ఏప్రిల్ 7

అక్క దగ్గరికి వెళ్లాను. ఆదివారం కాబట్టి నర్సరీ మూసుంది. కుండీలకు రంగు వేస్తోంది. నన్ను చూసి "పన్ను ఎట్లా ఉంది, వాపు తగ్గిందా?" అంది. షెడ్డు తాళంచెవి ఇమ్మన్నాను. చేతిలో బ్రష్షు ఆగిపోయింది. అబద్ధం ఆడుతుందేమోనని చూశాను. ఆడాలనే కోరుకున్నాను. పైట కొంగుకు కట్టిన తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టింది.

లోపల నా మొక్కలు. కొన్ని బుట్టల్లో, కొన్ని తొట్టెల్లో, కొన్ని ఇంకా గోనెసంచుల మీద. సగానికి పైగా దుంపలు మెత్తబడ్డాయి. వేలితో నొక్కితే వేలు దిగింది.

"ఎవరు చెప్పారు వాళ్లకు?"

"నేనే. దారి చూపించాను. చెట్లెక్కింది వాళ్లు. హోటళ్లకు, ఆస్పత్రులకు మొక్కలు పెట్టే కంపెనీవాళ్లు. ఎవరి దగ్గరా లేని మొక్క కావాలన్నారు."

"అన్నారని చూపించేశావా?"

"మరేం చెయ్యనే? ఎక్కడైనా దొరికే గులాబీలు నా దగ్గరే ఎందుకు కొంటారు? మీ బావ ఉన్నప్పుడు ఆయన మాటకు జనం వచ్చేవాళ్లు. ఇప్పుడు తలుపు తీసుకుని ఈగలు తోలుతున్నాను. నెల నెలా జీతం వచ్చేదానివి, నీకేం తెలుస్తుంది."

"నన్నడగొచ్చుగా."

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్ని కాదు. నా తడబాటు చూసి తనకు బలమొచ్చింది.

"చెట్టు మీది మొక్క చెట్టు మీదే ఎండిపోవాలి, అక్క మాత్రం ఇంట్లో ఎండిపోవాలి. అంతేగా? మీ బావ పోయినప్పుడు కూడా నువ్వంత ఏడవలేదు చిట్టీ. ఈ ఆకుల కోసం ఏడ్చినంత ఏడవలేదు."

ఆ మాట నిజమా కాదా అని ఆలోచిస్తూ తొట్టె అంచు మీద కూర్చుండిపోయాను. తను కూడా రంగు చేతులతో ఎదురుగా కూర్చుంది. ఇద్దరం అట్లా ఉంటే ఎవరైనా చూసి, ఏదో పని ముగించి అలసిపోయాం అనుకునేవాళ్లు.

తర్వాత అడిగాను. "గార్డు మీద రాసిమ్మని ఎందుకన్నావు?"

గోరులో ఇరుక్కున్న రంగు గీక్కుంది.

"అతనికేం, సర్కారు ఉద్యోగం. ఇక్కడ కాకపోతే ఇంకోచోట."

"నా తల దువ్వుతూ చెప్పావు అక్కా."

"నువ్వు నన్ను అనుమానించకూడదని" అంది. చాలా నెమ్మదిగా, అది నా మంచికే అన్నట్టు.

లేచాను. గేటు దాకా వెనకే వచ్చింది. "ఎక్కడికి?" అంది. చెప్పాను. "వెళ్లు" అంది. గేటు తనే తీసింది.

ఏప్రిల్ 8

డైరెక్టరు గారికి చెప్పాను. అక్క పేరు పలకడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఇంటికెళ్లి ఇంకోసారి ఆలోచించుకుంటావా అమ్మా?" అన్నారు.

వద్దన్నాను.

ఏప్రిల్ 13

అడవి ఆఫీసువాళ్లు షెడ్డు తెరిపించి మొక్కలు మా గాజుగదికి తెచ్చారు. కుళ్లినవి కుళ్లినట్టే ఉన్నాయి. వేళ్లు తెల్లగా ఉన్నవి ఒక చిన్న బల్ల మీదికి సరిపోయాయి. అందులో ఒకదానికి మొగ్గలున్నాయి. కొండ మీద ఏ చెట్టుదో గుర్తుపట్టాలని చూశాను, వల్లకాలేదు. వాటిని మళ్లీ చెట్లెక్కించాలంటే వేళ్లు కుదురుకోవాలి, వానలు పడాలి.

మధ్యాహ్నం బస్సెక్కి కలప డిపోకు వెళ్లాను. పొడుగాయన గేటు దగ్గర రేకుల గదిలో కూర్చుని ఉన్నాడు. ఆ పైకప్పుకు తల తగులుతుంది, లేస్తే ఆయన వంగి నడవాల్సిందే. జరిగింది మొత్తం చెప్పి, క్షమించమన్నాను. మళ్లీ కొండకు పంపుతారని కూడా చెప్పాను.

ఒక లారీ వచ్చింది. గొలుసు దించి, లారీ పోయాక మళ్లీ కట్టి వచ్చాడు.

"మీరు రాస్తే పంపారు. మీరు చెప్తే రమ్మంటున్నారు. మధ్యలో నన్నెవరైనా ఒక మాట అడిగారా మేడం?"

"లేదు."

"మీరు?"

"నేనూ అడగలేదు."

"ఊళ్లో అల్లుడి తరఫువాళ్లు మొక్కల దొంగ అంటున్నారు. మనవరాలిని చూడటానికి వెళ్లాలంటే మొహం చెల్లడం లేదు." కోపంగా చెప్పలేదు. పూలొచ్చాయని చెప్పిన గొంతే. కూర్చోమని కుర్చీ కూడా చూపించలేదు, అది నాకు సబబుగానే అనిపించింది.

ఏప్రిల్ 24

విచారణ. పొడవాటి బల్ల, ఫ్యాను చప్పుడు. అక్క నిన్ననే చెప్పి వెళ్లిందట. తను చెప్పింది ఆఫీసరు చదివి వినిపించాడు.

"చోటు మా చెల్లెలే చూపించింది. ఎట్లా పెంచాలో మా చెల్లెలే చెప్పింది. అమ్మొద్దని ఎప్పుడూ అనలేదు."

విడివిడిగా చూస్తే ఒక్క వాక్యమూ అబద్ధం కాదు. ఆఫీసరు నా వంక చూశాడు. "ఇందులో ఏది కాదంటారు?" అని అడిగాడు. ఏదీ కాదనలేకపోయాను. షెడ్డులో జరిగింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. అది అవసరానికి చేసిందని ఎక్కడో సర్దుకుంటున్నాను. ఇది కూర్చుని, ఆలోచించి, నా మీద వేసింది.

పొడుగాయన గోడవార బెంచీ మీద ఉన్నాడు. నేను రాసిచ్చిన కాగితం సంగతి తేల్చడానికి ఆయన్ని కూడా పిలిచారు. అడగకుండానే లేచాడు.

"ఈవిడకు తెలియదు సార్."

"మీకెట్లా తెలుసు?"

"మొక్కలు పోయాయని చూసిన రోజు నేను పక్కనే ఉన్నాను. తాడు లేకుండా చెట్టెక్కబోయింది. నేను లాగకపోతే ఈ రోజు ఇక్కడ కూర్చునేది కాదు. ముందే తెలిసినవాళ్లు అట్లా ఎక్కరు."

"మీ మీద కాగితం రాసింది ఈవిడే కదా?"

"ఆ సంగతి వేరే. అది నాకూ ఆవిడకూ మధ్య ఉంది. ఇది మీరడిగినదానికి చెప్తున్నాను."

బయటికి వచ్చాక దండం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "బస్సు పోతుంది" అని గబగబా నడిచాడు.

ఏప్రిల్ 25

అక్క నర్సరీ లైసెన్సు తీసేశారట. కంపెనీవాళ్ల మీద కేసు. నా మీద ఏమీ లేదు.

పొద్దున జుట్టు కత్తిరించుకున్నాను. భుజాల పైకి.

మే 9

గాజుగదిలో మొగ్గ విచ్చింది. లోయ అవతలి చెట్టు మీద మిగిలిన మొక్క కూడా ఆఖరి విడత పూలు పూస్తోందని పొడుగాయన కబురు పెట్టాడు. ఆయన మళ్లీ కొండ మీదే. నాకు ఫోను చెయ్యడు, డైరెక్టరు గారికి చేస్తాడు.

సంగీతం మాస్టారి దగ్గర శ్రుతి చూసుకునే ట్యూనింగ్ ఫోర్కు అరువు తెచ్చాను. దాన్ని మోగించి పువ్వుకు ఆనిస్తే కేసరాల చిల్లుల్లోంచి పుప్పొడి జలజలా రాలింది. గాజుసీసాలోకి పట్టాను. అరచెయ్యి వేడికి చెడకుండా చేతిరుమాలులో చుట్టుకుని కొండకు వెళ్లాను.

ఆ చెట్టు నేనెక్కగలిగింది కాదు. పొడుగాయన సీసా జేబులో, కుంచె చెవి మీద పెట్టుకుని ఎక్కాడు. కిందనుంచి తాడు పట్టుకున్నాను. పువ్వు మధ్యలో కొంచెం బయటికొచ్చి ఉండే కాడ కొసకు అద్దాలని, అక్కడ జిగురుగా ఉంటుందని అరిచి చెప్పాను. "ఇదివరకు చెప్పారు" అన్నాడు పైనుంచి.

దిగాక తాడు చుడుతూ మనవరాలి ఫొటో చూపించాడు. చూసొచ్చాడట. ఒకరికొకరం టీ పోసుకుని తాగాం.

జూన్ 16

కొండకు వెళ్లి ఇప్పుడే వచ్చాను. చినుకులు మొదలయ్యాయి, బట్టలింకా తడిగానే ఉన్నాయి.

పిందెలు నిలబడ్డాయి. పొడుగాయన దుర్భిణి నా చేతికిచ్చి కొమ్మ ఎటుందో చూపించాడు. రాలిపోయిన పూల చోట పచ్చగా, గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. ఒకటి కాదు, ఆ కొమ్మంతా. గట్టిపడ్డాయని, వడగళ్లు పడకపోతే పండుతాయని అన్నాడు. గింజలొస్తే గాజుగదిలో మొలకెత్తించొచ్చు. ఎన్నేళ్లు పడుతుందో తెలియదు. పడితే పడింది.

ఇంటికొచ్చి తలుపు తీసి చెప్పులైనా విప్పకుండా ఫోను తీశాను. వేలు దానంతటదే అక్క నంబరు నొక్కింది. ఒక్కసారి మోగగానే పెట్టేశాను.

వెంటనే తిరిగి చేసింది. ఎత్తలేదు. ఆగి మళ్లీ చేసింది. ఎత్తాను.

"ఏమైందే చిట్టీ?" అంది. అదే గొంతు. విచారణ గదిలో చదివి వినిపించిన మాటలు ఈ గొంతువని ఎవరూ నమ్మరు. వెనక టీవీ మోగుతోంది, నా మాట వినబడాలని దాన్ని ఆపింది. "చెప్పవే. ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"మరి?"

వాన పెద్దదైంది. కిటికీ మూయడానికి లేవలేదు.

"ఏం లేదు. చెయ్యి తగిలి నంబరు నొక్కుకుంది" అన్నాను.